తువాలు కింద చెయ్యి

కబురు ముందుగా నాకు చెప్పింది మా గుడికి పూలిచ్చే సత్యవతి. పొద్దున్నే రోజూలాగే అరిటాకులో చుట్టిన కనకాంబరాలు గుమ్మం దగ్గర పెట్టింది. పెట్టి వెంటనే సైకిలెక్కి పోయే మనిషి, ఆ రోజు నిలబడిపోయింది. ఏంటమ్మా అన్నాను. "తువాలు తాతగారు పోయారంటండి. నిద్దట్లోనే అంట. వాళ్ళింటి ముందు టెంటు వేస్తున్నారు" అంది. సైకిలు హ్యాండిలు పట్టుకుని, "ఈ ఆదివారం నా బల్ల దగ్గరికి ముందు ఎవరొస్తారండీ ఇంక" అంది.

పోయిన మనిషి గురించి మొదట అనవలసిన మాట అదా అని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆయన గురించి ఈ ఊళ్ళో ఎవరూ అంతకంటే పెద్ద మాట అనలేరనిపించింది. ఎందుకో చెప్పాలంటే ముందు మా నెల తిరనాళ్ళ గురించి చెప్పాలి.

మా నూజివీడులో నెలకోసారి, ఆఖరి ఆదివారం, మా బజారు వీధికి రెండు కొసలా తాళ్ళు కట్టి ఆటోలనీ బళ్ళనీ ఆపేస్తారు. ఎండ వాలేసరికి వీధంతా మనుషులే. ఒక పక్క పునుగులు, మిరపకాయ బజ్జీలు, జొన్నరొట్టెలు, మామిడి తాండ్ర. ఇంకో పక్క కాలేజీ క్యాంపస్ పిల్లలు బొగ్గుముక్కలతో కూర్చున్నవాళ్ళ ముఖాలు గీస్తుంటారు. చంటిపిల్లలు రోడ్డు మీద రంగుసుద్దలతో ఏనుగులూ విమానాలూ వేస్తుంటే వాటిని తొక్కకుండా పెద్దవాళ్ళు పంచెలూ చీరలూ ఎత్తి పట్టుకుని గెంతుతుంటారు. ఒక కొసన మైకు పెడతారు. కోలాటమైనా గిటారైనా అక్కడే. మొదట్లో దీనికేదో ఇంగ్లీషు పేరు పెట్టి బ్యానరు కట్టారు. మా ఆడవాళ్ళు నెల తిరనాళ్ళు అన్నారు, ఆ పేరే నిలిచింది.

ఈ తిరనాళ్ళకి ఆయన రావడం అంటే ఒక రాకడే. సన్నటి మనిషి. తెల్లటి పంచె, ఎప్పుడూ నలగని చొక్కా, ఎడమ భుజాన ఎర్రగళ్ళ తువాలు. నేను బాబాయిగారు అనేదాన్ని. నాకంటే పాతికేళ్ళయినా పెద్దవారు, అయినా అర్చకుల ఇంటి మనిషినని నన్ను గౌరవించి "అమ్మాయిగారూ" అనేవారు. వయసులో ఉండగా మామిడికాయల దళారీ చేశారు. తోట రైతుకీ కొనే షావుకారుకీ మధ్య నిలబడి బేరం తెంపడం ఆయన పని. ఆ రోజుల్లో ధర నోటితో అనేవారు కాదట. చేతి మీద తువాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పేవారట. ఏ వేలు పట్టుకున్నారు, ఎన్ని పట్టుకున్నారు, నొక్కారా వదిలారా, అంతా అందులోనే. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకూడదు. తువాలు తీశాక, ఎవరు ఎంత అన్నారని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. ఇప్పుడు ధరలన్నీ ఫోన్లలోనే. ఆయన కొడుకు ఊళ్ళోనే కాయల వ్యాపారం చేస్తాడు, చేతిలో రెండు ఫోన్లు ఎప్పుడూ మోగుతుంటాయి.

ఆయనకి చెవులు పోయాయి. ఒక ఎండాకాలం పెద్ద జ్వరం వచ్చింది. అది తగ్గి లేచేసరికి వినికిడి లేదు. కొడుకు ఖరీదైన మిషనే తెచ్చి పెట్టించాడు. తలలో తుమ్మెదలు దూరినట్టుందని ఆయన దాన్ని తీసి అలమారలో పెట్టేశారు. "చెవి పోతే పోయిందండి, చెయ్యి ఉంది కదా" అనేవారు. మాట మాత్రం ఖణీమనేది. తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అంటున్నారో తెలిసేది కాదు. పునుగులో ఉప్పెక్కువైందన్న సంగతి ఆ కొస నుంచి ఈ కొస దాకా అందరికీ తెలిసిపోయేది.

వినపడని మనిషితో ఇంట్లో మాటలు ఎలా తగ్గిపోతాయో చూసినవాళ్ళకి తెలుస్తుంది. ప్రేమ లేక కాదు. తిన్నారా, మందేసుకున్నారా, పడుకుంటారా, అంతవరకే వస్తాయి. అవీ సైగలతో. పొద్దస్తమానం రైతులతో, షావుకార్లతో, తోటమాలులతో బతికిన మనిషికి నెలకోసారి వచ్చే ఆ ఆదివారం సాయంత్రమే లోకంతో మాటగా మిగిలింది. ఎందుకంటే అక్కడ ఆయన ప్రతి బండి దగ్గరా తువాలు తీసి, అమ్మే మనిషి చెయ్యి అందుకుని, దాని మీద కప్పి బేరం ఆడేవారు.

బజ్జీలకేం బేరమండీ అని మొదట్లో అందరూ నవ్వారు. వేళ్ళ లెక్క ఆయనే నేర్పారు. నేర్చుకున్నాక తెలిసింది, ఆయన బేరం కిందికి కాదు, పైకి ఆడతారని. అడిగినదానికంటే ఒక వేలు ఎక్కువ పట్టుకునేవారు. వద్దు తాతగారూ అంటే ఇంకో వేలు పట్టుకునేవారు. తాండ్ర అమ్మే ఆవిడ ఓడిపోయి నవ్వుతూ తల పట్టుకునేది. "బయట చెప్పకు, ధర చెడిపోతుంది" అని ఆవిడ చెవిలో చెప్పేవారు. ఆ రహస్యం కూడా వీధంతా వినపడేది.

ఒకసారి ఇందులో పెద్ద తమాషా జరిగింది. బొమ్మలు గీసే క్యాంపస్ పిల్ల ఒకమ్మాయి కొత్తగా వచ్చింది. ఆయన వచ్చి తువాలు పరిచి చెయ్యి పెట్టమనేసరికి, హస్తసాముద్రికం చెబుతారనుకుంది. ఉద్యోగం వస్తుందా తాతగారూ అని అడిగింది. ఆయనకి పెదవులు కదలడం కనపడింది, బొమ్మ ధర చెబుతోందనుకున్నారు. వేళ్ళు నొక్కి చూసి, "ఇంకాస్త పెంచమ్మా, తెగుతుంది" అన్నారు. ఆ పిల్ల పరిగెత్తుకెళ్ళి, ఇంకాస్త కష్టపడితే వస్తుందన్నారని స్నేహితులకి చెప్పింది. క్షణంలో వరస కట్టేశారు. ఈయనేమో ఇన్ని బొమ్మలు నాకెందుకురా దేవుడా అనుకుంటూనే అందరి చేతులూ పట్టుకున్నారు. ఒక కుర్రాడు పెళ్ళి సంగతి అడిగాడు. ఈయన తల అడ్డంగా ఊపి, "ఈ ధరకి అవదు. చెయ్యి చల్లగా ఉంది. అసలు నీకే ఇష్టం లేదు" అన్నారు. ఆ కుర్రాడి ముఖం పాలిపోయింది. పక్కనున్న ఒకమ్మాయి ముఖం అంతకంటే పాలిపోయింది. ఇంక ఊరుకుంటే పాపమని, నేనొక పిల్లాడి దగ్గర సుద్దముక్క తీసుకుని, వాళ్ళు జాతకం అనుకుంటున్నారు బాబాయిగారూ అని రోడ్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. చదువుకుని, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. ఆ తరవాత ఆ కుర్రాణ్ణీ ఆ అమ్మాయినీ పిలిచి చెరో తాండ్ర ముక్క కొనిపెట్టి, నా మాట అబద్ధం అన్నారు.

అయితే నాతో మాత్రం వేరే అన్నారు. అంకెదేముందండీ, ఊరికే. చెయ్యే అసలు సంగతి చెబుతుంది అన్నారు. తొందరలో ఉన్న చెయ్యి, భయపడిన చెయ్యి, ఇంటి దగ్గర ఏదో జరిగి వచ్చిన చెయ్యి, అన్నీ ఆయనకి తెలిసేవి. సత్యవతి చెయ్యి పట్టుకుని ఒకసారి, నీ మొగుడికి ఒంట్లో బాగాలేదా అని అడిగారట. ఆ వారం నిజంగానే అతనికి బాగాలేదు.

సత్యవతి పేరు ఎత్తాను కాబట్టి అది కూడా చెప్పాలి. తిండి బళ్ళ మధ్య పూలదండలు ఎవరు కొంటారు? మొదటి నెలల్లో ఆమె బల్ల దగ్గర ఈగ కూడా వాలలేదు. ఆయన పద్ధతేమిటంటే, జనం మూగిన బండి దగ్గరికి వెళ్ళేవారు కాదు. వీధంతా ఒక చుట్టు తిరిగి, ఎవరూ లేని బల్ల ఏదో చూసి, అక్కడికెళ్ళి నిలబడేవారు. కాయ మంచిదైనా రాశి దగ్గర మనిషి లేకపోతే ధర పలకదు అమ్మాయిగారూ, ఒకడు నిలబడితే పదిమంది తొంగిచూస్తారు అనేవారు. అలా సత్యవతి దగ్గర నిలబడి, మూర మల్లెపూలు బేరం పైకి ఆడి కొని, వాటిని ఏం చెయ్యాలో తెలియక చెవికి చుట్టుకున్నారు. "పనికిరాని చెవులు, పూలైనా పెడదాం" అన్నారు. జనం మూగారు. నవ్వడానికి వచ్చినవాళ్ళు పూలు కొని వెళ్ళారు. ఆ తరవాత ప్రతి నెలా ముందు అక్కడికే వెళ్ళి, చెవికి మల్లెపూలతోనే వీధి తిరిగేవారు.

నేను బయట వండినవి తినను. అది చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు, ఎవరినీ తక్కువ చెయ్యడానికి కాదు. చింతలపూడి దగ్గర చిన్న ఊళ్ళో మా నాన్నగారిది గుడి సేవ. బడి దూరమని నాకు అక్షరాలు ఇంట్లోనే నాన్నగారు దిద్దించారు, పాటలు అమ్మ నేర్పింది. అలా పెరిగినదాన్ని ఈ వీధిలో నిలబడితే, తినేవాళ్ళందరి మధ్యా ఉత్త చేతులతో ఎటు చూడాలో తెలిసేది కాదు. ఆయన అది గమనించారు. వేసవిలో ముంజకాయ, మామూలు రోజుల్లో అరటిపండో కమలాపండో, కాయల కాలంలో చిన్నరసం మామిడిపండు తెచ్చి నా చేతిలో పెట్టేవారు. "దేవుడే మూతపెట్టి పంపాడు, తినండి. మడి తొక్క చూసుకుంటుంది" అనేవారు. ఆ వీధిలో నేనూ అందరిలాగా చెయ్యి తడుపుకుని తిన్నానంటే అది ఆయన పుణ్యం. తిన్న ప్రతిసారీ లోపల దణ్ణం పెట్టుకున్నాను.

ఒక నెల, తాళ్ళు కట్టిన చోటికి ఇంకా రాకుండానే, వెనక నుంచి ఆటో హారను కొట్టింది. ఆయనకేం తెలుస్తుంది? ఆటో అంచు తగిలి పడిపోయారు. మా గుడి అమ్మవారి దయ, మోచెయ్యి గీరుకుపోవడంతో పోయింది. కాని కొడుకు భయపడిపోయాడు. ఇంక ఆ వీధికి వెళ్ళేది లేదన్నాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఏం కావాలన్నా ఇంటికే తెప్పిస్తానని మాటిచ్చి, మరుసటి నెల అన్నీ తెప్పించాడు కూడా. కోడలు ఆ మర్నాడు గుడికి వచ్చి, ప్రదక్షిణలు చేసి, నా పక్కన మెట్టు మీద కూర్చుంది. బజ్జీలన్నీ చల్లారిపోయాయండీ అంది. ఆయన ముట్టుకోలేదట. సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని, తువాలు ఒళ్ళో వేసుకుని, తన చెయ్యి తనే పట్టుకుని చూసుకుంటున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇలాగే ఇంకో రెండు నెలలు పోతే మాటే కాదు, మావయ్యగారే మిగలరు అంది.

ఆ తరవాతి నెల మా గుడి భజన ఆడవాళ్ళకి మైకు దగ్గర కాసేపు ఇచ్చారు. ఒకావిడకి జ్వరం, ఇంకొకావిడకి చుట్టాలు, మిగతావాళ్ళకి సిగ్గు. చివరికి నేనొక్కదాన్నే, ఒక తాళాల జతతో. దేవుడి ముందు పాడినదాన్నే కాని మనుషుల ముందు ఎప్పుడూ పాడలేదు. ఎదురుగా పరిచిన పట్టామీద ఒక్క ప్రాణి లేదు. అవతలి కొసన క్యాంపస్ పిల్లలు డ్రమ్ములు వాయిస్తుంటే జనమంతా అటే. అమ్మ నేర్పిన అమ్మవారి పాట ఎత్తుకున్నాను.

అప్పుడు చూశాను. కోడలు చెయ్యి పట్టుకుని నడిపిస్తూ ఆయన్ని తీసుకొస్తోంది. భర్త కాయల లోడు పనిమీద బాపులపాడు వెళ్ళాడట. ఆయన వీధి ఒకసారి కలియజూసి, ఎవరూ లేని చోటు ఏదో గుర్తుపట్టి, తిన్నగా వచ్చి నా పట్టా మధ్యలో ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వీధి మొత్తంలో నా పాట వినలేని మనిషి ఒక్కరే, ఆయనే వచ్చి నా ముందు కూర్చున్నారు. కాసేపటికి సత్యవతి వచ్చింది. జొన్నరొట్టెలావిడ వచ్చింది. వాళ్ళని చూసి ఇంకొందరు. పట్టా నిండింది.

ఆయన నా నోటి వంకా తాళాల వంకా చూస్తున్నారు. తరవాత తువాలు మోకాలి మీద పరిచి, కోడలి వైపు తిరిగి, "అమ్మాయ్, నాకూ కాస్త చెప్పు" అన్నారు. ఆ పిల్ల తడబడింది. దారిలో నడిపించడం వేరు, నలుగురిలో మావగారి చేతిలో చెయ్యిపెట్టి కూర్చోవడం వేరు. నా వంక చూసింది. నేను పాడుతూనే తల ఊపాను. చెయ్యి తువాలు కింద పెట్టింది. ఆమెకి వేళ్ళ లెక్కలు రావు. నాకేమీ కనపడలేదు కాని, నా తాళానికి ఆ ఎర్రగళ్ళు లేచి పడడం మొదలైంది. ఆయన తల కూడా ఊగడం మొదలైంది, ఒక దెబ్బ ఆలస్యంగా.

పాట చివరి చరణంలో ఉండగా కొడుకు వచ్చాడు. ఎవరు చెప్పారో, బండి ఎక్కడ ఆపాడో, చెమటలు కారుతూ పట్టా అంచున నిలబడ్డాడు. పాట అయిపోతే తండ్రిని లేపుకుని వెళ్ళిపోతాడని నాకు తెలుసు. అందుకని ఆపలేదు. మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాను. అమ్మా, కాసేపు నిలబెట్టు వీణ్ణి అని లోపల మొక్కుకుంటూ, పాడిందే పాడాను. వినేవాళ్ళు ఏమనుకున్నారో నాకు అక్కర్లేదనిపించింది.

అతను వంగి భార్యతో ఏదో అన్నాడు. ఆమె తల ఎత్తి ఒక మాట చెప్పింది. అది నాకు వినపడలేదు, పక్కన కూర్చున్న సత్యవతి తరవాత చెప్పింది. "నాకొచ్చినంత నేను చెప్పానండి. ఆ వేళ్ళ మాటలు మీకు వచ్చు కదా" అందట. అని, చెయ్యి తీసేసి, పక్కకి జరిగి చోటిచ్చింది.

అతను ఆయన దగ్గరే నేర్చుకున్నవాడు. చిన్నప్పుడు తండ్రితో తోటలు తిరిగినవాడు. అయినా ఆ చెవులు పోయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆ తువాలు కింద చెయ్యి పెట్టలేదు. ఫోన్లు రెండూ జేబులో పడేసి, చెప్పులు విప్పి, పట్టా మీద మోకాళ్ళు మడిచి కూర్చుని చెయ్యి పెట్టాడు.

ఎంతసేపు పాడానో నాకు తెలియదు. తువాలు కింద ఏదో సాగుతోంది. తండ్రి కనుబొమలు లేస్తున్నాయి, పడుతున్నాయి. కొడుకు ముఖం వంచుకునే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆయన కోడలి వైపు తిరిగి, వీధంతా వినపడేలా, "వీడు ధర దిగడం లేదమ్మా" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. నాకు తాళం తప్పింది, పాట ఆగిపోయింది. ఆగినా ఆ ఇద్దరూ లేవలేదు.

వాళ్ళు ఏ అంకెలు చెప్పుకున్నారో నేను అడగలేదు. కోడలూ అడగలేదని చెప్పింది. ఆ మర్యాద మాకూ అబ్బింది.

అది మొదలు ప్రతి నెలా కొడుకే తెచ్చేవాడు. తాళ్ళ లోపలికి వచ్చాక చెయ్యి వదిలేసేవాడు. ఆయన తన చుట్టు తాను తిరిగేవారు. కిందటి నెల కూడా వచ్చారు. నడక బాగా నెమ్మదించింది. అయినా కొత్తగా పెట్టిన రాగిజావ బండి దగ్గర ఎవరూ లేరని అక్కడే నిలబడి రెండు గ్లాసులు తాగారు. బాగాలేదని గట్టిగానే అన్నారు, మళ్ళీ ఇంకో గ్లాసు అడిగారు.

కబురు తెలిశాక వాళ్ళింటికి వెళ్ళాను. కొడుకు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కనే కూర్చున్నాను. తరవాత అతనే చెప్పాడు. "పిలిస్తే వినపడదు కదా అక్కగారూ. మీరు పాడిన ఆ రోజు నుంచీ పొద్దున్నే చెయ్యి పట్టుకునే లేపేవాణ్ణి. పట్టుకోగానే ఒక వేలు నొక్కేవారు, లేచాను అని. ఇవాళ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను."

ఇంటికొచ్చి, తలస్నానం చేసి, దీపం పెట్టి, ఆయన్ని ఇచ్చినందుకు ఆ తల్లికి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన పేరు అక్కడ చెప్పుకున్నాను, ఇక్కడ రాయలేదు. తువాలు కింద సంగతి ఒక్కటీ బయట పెట్టకుండా బతికిన మనిషి పేరు పత్రికకి ఎక్కించడానికి నాకు చెయ్యి రాలేదు. తలుచుకోవడానికి పేరెందుకు? ఇది చదివినవాళ్ళు మీ ఇంట్లో మీరు చేతులు జోడించే వేళ, మా నూజివీడులో వినపడని పెద్దాయన ఒకరు ఉండేవారని ఒక్కసారి అనుకోండి. ఆయన్ని మాత్రం మరిచిపోకండి.